అటో నక్షత్రం, ఇటో నక్షత్రం

ఆ ఆదివారం ఉదయానికి గుమాస్తా వేసుకున్న పథకంలో ఎక్కడా వంకర లేదు. ఎనిమిదింటికి స్టూడియోకి వెళ్ళాలి. ఎనిమిదిన్నరకి ఫ్రేము కట్టిన ఫొటోతో ఇంటికి రావాలి. తొమ్మిదింటికి హాల్లో మేకుకి తగిలించి పైన గుడ్డ కప్పాలి. పదకొండింటికి అన్నయ్య కుటుంబం వస్తుంది. పదకొండున్నరకి వదిన గుడ్డ లాగుతుంది, అందరూ చప్పట్లు కొడతారు, అమ్మ తన ఎనభయ్యో పుట్టినరోజు కేకు కోస్తుంది. ఈ పథకాన్ని అతను ముందురోజే టైపు చేసి, వేళలు ఎర్రరంగులో, పనులు నీలంరంగులో పెట్టి, ఫ్రిజ్ తలుపుకి అంటించాడు.

రంగుల పిచ్చి అతనికి కొత్త కాదు. ఆఫీసులో అతను హెడ్ గుమాస్తా. అతని దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చిందంటే పేరు చూడక్కర్లేదు, తెరవగానే కళ్ళు జిగేల్మంటాయి. ముఖ్యమైన మాటలు బోల్డ్, అంతకంటే ముఖ్యమైనవి బోల్డ్ కింద గీత, మరీ ముఖ్యమైనవి పెద్ద సైజులో రంగు. చివర ఆకుపచ్చ సిరాతో పెట్టిన సొంత సంతకం బొమ్మ. అరరోజు సెలవు అడిగినా శుభలేఖలా ఉంటుంది. "నాన్నా, చెప్పేది తెలిస్తే చాలు కదా, ఉత్తరానికి ఇన్ని సోకులెందుకు?" అని కూతురు చాలాసార్లు అడిగింది. "పది మందిలోకి వెళ్ళేటప్పుడు తల దువ్వుకుంటామా లేదా? ఇదీ అంతే" అన్నది అతని జవాబు.

అయితే ఈ ఫొటో సంగతి మాత్రం సోకు కాదు, ప్రాణసంకటం. పదేళ్ళ కిందట అమ్మ డెబ్బయ్యో పుట్టినరోజున తీసిన ఫొటోని గుమాస్తాయే దగ్గరుండి ఫ్రేము కట్టించాడు. ఫ్రేముకి సరిపోవడానికి స్టూడియోవాళ్ళు అంచులు కాస్త కోశారు. ఆ కోతలో వదిన పోయింది, ఆమె మోచెయ్యి మిగిలింది. హాల్లో ఫొటో చూసిన వదిన, "ఆ మోచెయ్యి ఎవరిదో చాలా బాగుంది" అని మాత్రం అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనకే అన్నయ్య వెళ్ళిపోయాడు. పదేళ్ళు అన్నదమ్ముల మధ్య పలుకు లేదు, పలకరింపు లేదు. ఎవరైనా చనిపోతే కబురు కూడా పక్కింటివాళ్ళ ద్వారా వెళ్ళేది.

ఈసారి అమ్మ ఒకే ఒక్క కోరిక కోరింది. "ఇద్దర్నీ ఒక అద్దం వెనకాల పక్కపక్కన చూస్తే చాలురా చిన్నోడా. ఎదురుగా చూసే రాత ఎటూ లేదు" అంది. ఆ మాట గుమాస్తాకి ముల్లులా దిగింది. మధ్యవర్తుల్ని పెట్టి, బతిమాలి, రెండు వారాల కిందట అన్నయ్య కుటుంబాన్ని తన వాకిట్లోకి రప్పించాడు. తొమ్మిది మందీ నిలబడ్డారు, ఫొటోగ్రాఫర్ నొక్కాడు, అయిదు నిమిషాల్లో అన్నయ్యవాళ్ళు కారెక్కేశారు. వెళ్తూ వదిన గడప దగ్గర ఆగి ఒకే మాట చెప్పింది. "ముందు ఫొటో చూస్తాను మరిదీ. ఆ తర్వాతే ఈ ఇంట్లో మంచినీళ్ళు." అన్నయ్య ఏమీ అనలేదు. వదిన అనబోయే మాటలన్నిటికీ ఆయన ముందే తలూపేసి ఉంటాడు.

అందుకే, ఫొటో కింద పేర్లు వేయడానికి వరుసలవారీగా జాబితా పంపమని స్టూడియోవాళ్ళు అడిగినప్పుడు, గుమాస్తా రెండు గంటలు కూర్చుని ఆ ఈమెయిల్ తయారుచేశాడు. అమ్మ పేరుతో మొదలుపెట్టి అందర్నీ ఆమె వరసలోనే రాశాడు. పెద్ద కుమారుడు, పెద్ద కోడలు, మనవడు, మనవడి భార్య, మునిమనవడు. ఈ అయిదుగురినీ పెద్ద సైజులో, ఆకాశనీలం రంగులో, చిక్కటి బోల్డ్‌లో పెట్టాడు. చిన్న కుమారుడు, చిన్న కోడలు, మనవరాలు అని తమ ముగ్గురినీ సన్నటి నల్లక్షరాల్లో అణిగిమణిగి రాశాడు. కింద ఒక వాక్యం చేర్చాడు. "పైన ప్రత్యేకంగా చూపినవారి విషయంలో అత్యంత శ్రద్ధ తీసుకోవలెను. ఏ చిన్న పొరపాటూ జరగరాదు. ఫొటో సిద్ధం కాగానే ఒక ప్రతిని మా అన్నయ్య ఈమెయిల్‌కి పంపవలెను." అన్నయ్య చిరునామా రాసి, ఆకుపచ్చ సంతకం తగిలించి, పంపేశాడు.

ఇప్పుడు స్టూడియోలో, జిగురు వాసన మధ్య, ఫ్రేము చెక్కలు నిలబెట్టిన మూల పక్కన, గుమాస్తా ఆ ఫొటో ముందు నిలబడి ఉన్నాడు.

ఫొటో నాలుగడుగుల పొడవుంది. మధ్యలో కుర్చీలో అమ్మ. వెనకాల ఒక చివరగా తను, భార్య, కూతురు. మిగతాదంతా గోడ. అన్నయ్య ఉండాల్సిన చోట కిటికీ ఉంది. వదిన ఉండాల్సిన చోట పూలకుండీ ఉంది. అన్నయ్య కొడుకూ కోడలూ ఉండాల్సిన చోట గోడ మీద తీగ పచ్చగా, ఏపుగా పాకి ఉంది. నిజానికి ఆ తీగ వాళ్ళింట్లో ఎన్నడూ అంత బాగా పెరగలేదు.

"ఏరమ్మా వీళ్ళంతా?" అన్నాడు చివరికి.

స్టూడియో యజమాని ఎక్కడో ఫంక్షన్ ఫొటోలకి వెళ్ళాడు. కొట్లో ఉన్నది ఆయన భార్య. ఆయన ఫొటోలు తీస్తే ఆమె కంప్యూటర్లో దిద్దుతుంది. మాట తక్కువ, పని ఎక్కువ మనిషి.

"తీసేశాను సార్."

"తీసేశారా!"

"మీరేగా తీసెయ్యమన్నారు. నీడలు కూడా తీశాను. అత్యంత శ్రద్ధ అన్నారని కింద పడ్డ నీడలన్నీ ఒక్కొక్కటే తుడిచాను. ఆ పిల్లాడి బూటు ముసలావిడ చీర మీదకి వచ్చింది. దానికే గంటన్నర పట్టింది."

"నేనెప్పుడు తీసెయ్యమన్నానమ్మా? వాళ్ళ కోసమే ఈ ఫొటో!"

ఆమె వాదించలేదు. కంప్యూటర్ తెర అతని వైపు తిప్పింది. "ఇది మీ ఉత్తరమేగా?"

గుమాస్తా చూశాడు. మొదట అది తన ఉత్తరమని పోల్చుకోలేకపోయాడు. ఆకాశనీలం లేదు. పెద్ద సైజు లేదు. గీతలు లేవు. ఆకుపచ్చ సంతకం అసలే లేదు. ఈకలు పీకిన కోడిలా అక్షరాలన్నీ ఒకే ఎత్తున, ఒకే నలుపున, బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉన్నాయి. ఆ తర్వాత కనబడ్డాయి నక్షత్రాలు. పెద్ద కుమారుడికి అటో నక్షత్రం, ఇటో నక్షత్రం. పెద్ద కోడలికి అటొకటి, ఇటొకటి. మునిమనవడి దాకా అయిదుగురికీ.

"ఈ స్టార్లు నేను పెట్టలేదు!"

"మీ దగ్గర్నుంచే వచ్చాయి సార్. మా కంప్యూటర్ పాతది. రంగులూ బొమ్మలూ ఉన్న ఉత్తరం తెరిస్తే ఆగిపోతుంది. అందుకని ఉత్త అక్షరాలు మాత్రమే చూపించేట్టు పెట్టుకున్నాం." ఆమె గోడకి వేలాడుతున్న ఆఫీసుల గ్రూపు ఫొటోల వైపు చూపించింది. "మాకు పేరు పక్కన స్టార్ ఉందంటే మనిషిని తీసెయ్యమని. ఉద్యోగం మానేసినవాళ్ళు, బదిలీ అయినవాళ్ళు, ఫొటోలోకి ఊరికే దూరినవాళ్ళు. అన్ని ఆఫీసులవాళ్ళూ అలాగే రాసి పంపుతారు."

"ఎవరైనా సొంత అన్నయ్యని తీసెయ్యమంటారా? ఒక్కమాట అడగొద్దూ?"

"ఇళ్ళల్లో సవాలక్ష ఉంటాయి సార్. అడిగితే బాధపడతారని అడగను."

ఆ మాట అతనికి ఎక్కడో తగిలింది. అప్పటికి టైము ఎనిమిదీ ఇరవై. పాత ఫొటో కంప్యూటర్లో భద్రంగానే ఉందని, మనుషుల్ని తిరిగి పెట్టొచ్చని, దిద్దడం, అచ్చు, ఫ్రేము అన్నీ కలిపి రెండు గంటలు పడుతుందని ఆమె చెప్పింది. పదకొండున్నర లోపు అయిపోతుంది. అతని ప్రాణం సగం లేచి వచ్చింది.

"అయితే మీ అన్నయ్యగారికి పంపిన కాపీ ఏం చెయ్యమంటారు?" అని అడిగింది ఆమె.

"ఏ కాపీ?"

"సిద్ధం కాగానే పంపమన్నారుగా. పొద్దున ఏడున్నరకే పంపేశాను."

వచ్చిన సగం ప్రాణమూ వెనక్కి పోయింది. గుమాస్తా ఇంటికి ఫోన్ చేశాడు. భార్య గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"ఎక్కడున్నారండీ? మీ అన్నయ్యావాళ్ళు వచ్చేశారు!"

"పదకొండింటికి కదా రావాలి!"

"అత్తయ్య నిన్న ఫోన్ చేసి పొద్దున్నే రమ్మన్నారట. ఫ్రిజ్ మీద మీరు అంటించిన కాగితం ఆవిడ చదవలేదు. అక్కయ్య సోఫా అంచు మీద కూర్చున్నారు, మంచినీళ్ళు పెడితే గ్లాసు వైపు కూడా చూడలేదు. అందరూ గోడకున్న మేకుని చూస్తున్నారు."

"అన్నయ్య ఏం చేస్తున్నాడు?"

"ఏముందీ, జేబులోంచి ఫోన్ తీస్తున్నారు."

"ఆపు! ఆ ఫోన్ చూడనివ్వకు! ఆయన ఈమెయిల్ తెరిచాడంటే మన పని అయిపోయింది. అందులో వాళ్ళు లేని ఫొటో ఉంది!"

"వాళ్ళు లేని ఫొటోనా? అసలు మీరు..." అని, తిట్టడానికి ఇది వేళ కాదని ఆమెకే తోచినట్టుంది. "ఎలా ఆపనండీ? బావగారి చెయ్యి పట్టుకుని లాగనా?"

"ఏదో ఒకటి చెయ్యి!"

ఫోన్లో కాసేపు గాజుల చప్పుడు, అడుగుల చప్పుడు వినిపించాయి. తర్వాత భార్య గొంతు, ఈసారి తేనె పూసుకుని. "అయ్యయ్యో బావగారూ, కళ్ళజోడు నిండా దుమ్ము! దాంతో ఏం కనబడుతుంది మీకు? ఇటివ్వండి, తుడిచి తెస్తాను." వెనకనుంచి అన్నయ్య గొంతు, "పర్లేదమ్మా, నేనే..." అని సగంలో తెగిపోయింది. పది క్షణాల తర్వాత భార్య వంటింట్లోంచి గుసగుసలాడింది. "పెరుగు గిన్నె వెనకాల పెట్టాను, ఫ్రిజ్‌లో. కళ్ళజోడు లేకపోతే ఆయనకి ఫోన్ కాదు కదా, ఎదురుగా ఉన్న మనిషే కనబడడు. త్వరగా రండి."

గుమాస్తా స్టూడియో ఆవిడ వైపు తిరిగాడు. "పెట్టెయ్యండమ్మా, ఆ అయిదుగురినీ మళ్ళీ పెట్టెయ్యండి."

"రాసి పంపండి సార్."

"నోటితో చెబుతున్నానుగా!"

"నోటిమాట మీద మేం ఎవర్నీ తియ్యం, ఎవర్నీ పెట్టం. ఒకసారి నోటిమాట మీద ఒకాయన్ని పెట్టినందుకు పెళ్ళే ఆగిపోయింది." ఆమె అక్కడితో ఆగి కుర్చీలో సర్దుకుంది. అంతకంటే వివరం ఆమె చెప్పలేదు, అడిగే ఓపిక అతనికీ లేదు.

ఫోన్లోనే రాయాలి. గుమాస్తా ముందు కూతురికి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడం అతనికి స్పష్టంగా వినబడింది.

"నాన్నా, అది బోల్డ్ వల్ల. ఉత్త అక్షరాలు మాత్రమే చూపించే చోట రంగూ సైజూ పోతాయి, బోల్డ్ చేసిన మాటకి మాత్రం అటూ ఇటూ స్టార్ పడుతుంది. ఈసారికి ఏ సోకూ లేకుండా రాయి. నల్లగా, మామూలుగా. నీ వల్ల అవుతుందా?"

"ఎందుక్కాదు!" అన్నాడు గానీ, గొంతులో ధైర్యం లేదు.

స్టూడియోలో పిల్లల ఫొటోలకి వాడే పొట్టి స్టూలు మీద కూర్చుని రాశాడు. వెనకాల తెర మీద మబ్బులు, ఆకాశం గీసి ఉన్నాయి. ఇరవై ఏళ్ళలో ఎన్నడూ రాయనంత బోడి ఉత్తరం రాశాడు. "ఫొటోలోంచి తీసిన ఈ అయిదుగురినీ వారి స్థానాల్లోనే తిరిగి ఉంచవలెను. పెద్ద కుమారుడు, పెద్ద కోడలు, మనవడు, మనవడి భార్య, మునిమనవడు. అమ్మ యథాప్రకారం మధ్యలో ఉండవలెను." వేలు రెండు మూడుసార్లు బోల్డ్ బటన్ వైపు తనంత తనే వెళ్ళింది. పళ్ళు బిగబట్టి వెనక్కి లాక్కున్నాడు. కూతురికి చదివి వినిపించాడు.

"భేష్ నాన్నా. ఇంకేం ముట్టుకోకు. పంపెయ్" అంది కూతురు, ఫోన్ పెట్టేసింది.

పంపబోతూ గుమాస్తా ఆగాడు. సంతకం లేదు. ఆకుపచ్చ సంతకం బొమ్మ ఆఫీసు కంప్యూటర్లో ఉండిపోయింది. సంతకం లేని కాగితం ఆఫీసులో చిత్తుకాగితంతో సమానం. అది ఉత్తరం చివర ఉండేదే గానీ ఉత్తరంలోది కాదని అతని నమ్మకం. చెప్పుల్ని ఒంటి మీది బట్టల్లో ఎవరు లెక్కేస్తారు? పైగా ఇది ఇంటి వ్యవహారం, ఇంటిల్లిపాది తరఫునా పెట్టాలి. అందుకని కింద "ఇట్లు, చిన్న కుమారుడు, చిన్న కోడలు, మనవరాలు" అని రాశాడు. ఆఫీసు నియమం ప్రకారం, సంతకం మసకగా ఉండకూడదు గనక, ఆ ఒక్క ముక్కా చిక్కగా చేసి పంపేశాడు.

ఆవిడ చదివింది. కళ్ళు చిట్లించి మళ్ళీ చదివింది. "సార్, చివర్న ఉన్నవాళ్ళ సంగతి కూడా..." అని ఏదో అడగబోయింది. అప్పుడే ఫోన్ మోగింది.

"బావగారు కళ్ళజోడు మూడుసార్లు అడిగారండీ" అంటోంది భార్య. "సబ్బునీళ్ళలో నానబెట్టానని చెప్పాను. 'కళ్ళజోడు నానబెట్టడమేంటమ్మా, దుప్పటా?' అని అక్కయ్య నన్ను ఎగాదిగా చూశారు. వాళ్ళబ్బాయి 'నాన్నా, నీ ఫోన్ నేను చదివి పెట్టనా?' అంటున్నాడు!"

"వాణ్ణి బెలూన్లు ఊదమను! ఎన్ని ఉంటే అన్నీ ఊదమను!" అని ఫోన్లో అరుస్తూ, గుమాస్తా రెండో చెయ్యి స్టూడియో ఆవిడ వైపు ఊపాడు. "అంతా రాసింది రాసినట్టే చెయ్యండమ్మా! ఒక్క చుక్క కూడా మారకూడదు!"

"సరే సార్" అంది ఆవిడ. తెర తన వైపు తిప్పుకుంది.

తర్వాతి రెండు గంటలూ గుమాస్తాకి రెండు యుగాలు. తెర వైపు తొంగిచూడబోతే, "వెనకాల మనిషి నిలబడితే నా చెయ్యి వణుకుతుంది సార్" అని ఆమె బయట కూర్చోబెట్టింది. అతను వీధిలో అటూ ఇటూ తిరిగాడు. ఎదురుగా తాళాలు చేసే అతను, "పోగొట్టుకున్నారా సార్?" అని జాలిగా అడిగాడు. ఇంటి నుంచి కబుర్లు వస్తూనే ఉన్నాయి. బెలూన్లు నలభై దాటాయి, అన్నయ్య కొడుక్కి తల తిరుగుతోంది. మునిమనవడు ఫ్రిజ్ దగ్గర తచ్చాడుతున్నాడు. వదిన గోడకున్న మేకుని చూస్తూ, "ఉట్టి మేకుని చూడ్డానికా మమ్మల్ని పిలిచింది?" అని గాలితో అంది. అమ్మ మాత్రం కొత్త చీర కట్టుకుని ఇద్దరు కోడళ్ళ మధ్యా బొమ్మలా కూర్చుని ఉంది.

పదీ యాభైకి అద్దం బిగించారు. పైన కాగితం చుట్టేశారు. గుమాస్తా ఒక మూల కాగితం కాస్త చింపి, లోపలికి చూశాడు. వదిన కనబడింది. నిండుగా, రెండు మోచేతులతో, చిరునవ్వుతో సహా. పక్కనే అన్నయ్య భుజం. గుమాస్తా కళ్ళు చెమర్చాయి. "అమ్మా, మీ చెయ్యి బంగారం కాను" అన్నాడు. చింపిన కాగితం అతికించి, టాక్సీ వెనక సీట్లో ఫొటోని పడుకోబెట్టి, తను దాని కాళ్ళ దగ్గర ముడుచుకుని కూర్చుని ఇల్లు చేరాడు.

హాల్లోకి అడుగుపెట్టేసరికి నేల మీద మోకాలెత్తు బెలూన్లు. పడగ్గదిలోకి తీసుకెళ్ళి కాగితం విప్పుదామంటే వదిన లేచి నిలబడింది. "ఎక్కడికి మరిదీ? ఇక్కడే విప్పు, ఇక్కడే కప్పు. మళ్ళీ లోపల ఏ కత్తెర ఉందో ఎవరికి తెలుసు?" గుమాస్తా ఫొటో మొహాన్ని గోడవైపు తిప్పి కాగితం లాగి, పైన దుప్పటి కప్పి, అలాగే తిప్పి మేకుకి తగిలించాడు. తను చూడలేదు. చూసే అవకాశం లేదు. మూల చూశాడు కదా, చాలు.

"లాగండి వదినా" అన్నాడు.

వదిన దుప్పటి లాగింది.

ఎక్కడో ఒక బెలూన్ పేలింది, ఎవరూ ఉలిక్కిపడలేదు. ఫొటోలో గుమాస్తా ఇల్లు ఉంది, గుమాస్తా వాకిలి ఉంది, గుమాస్తా తోమించిన గడప ఉంది. మధ్యలో అమ్మ. ఆమె చుట్టూ అన్నయ్య, వదిన, వాళ్ళ కొడుకు, కోడలు, మనవడు నిండుగా నిలబడి ఉన్నారు. కింద అందంగా ఆరు పేర్లు. గుమాస్తా లేడు. గుమాస్తా భార్య లేదు. కూతురు లేదు. వాళ్ళ చోట ఇంకో కిటికీ రెక్క తెరిచి ఉంది.

సంతకం! చిక్కగా చేసిన ఆ ముగ్గురికీ అటో నక్షత్రం, ఇటో నక్షత్రం పడి ఉంటాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇంటికి పిలిచి, ఎగతాళి చేశారని వదిన అనుకుంటే? నోరు తెరిచాడు. "వదినా, అది... అసలేం జరిగిందంటే..."

"ఏముంది ఫొటోలో? మనం ఉన్నామా?" అన్నయ్య కళ్ళు నలుపుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళి, ముక్కు అద్దానికి ఆనించి చూస్తున్నాడు. "ఎవరైనా చెప్పండి!"

వదిన ఫొటోనీ మరిదినీ మార్చి మార్చి చూసింది. "మనమే ఉన్నామండీ" అంది నెమ్మదిగా. "అత్తయ్య, మనం తప్ప ఎవరూ లేరు. మనల్ని నిలబెట్టి, వాళ్ళు ముగ్గురూ పక్కకి తప్పుకున్నారు. సొంత ఇంటి ముందు, సొంత ఫొటోలోంచి." గుమాస్తా వైపు తిరిగింది. "ఆ మోచేతి మాట ఇన్నేళ్ళు మనసులో పెట్టుకుని ఇంత పని చేశావా మరిదీ?"

నిజం చెప్పాలా వద్దా అని గుమాస్తా నాలుక రెండుసార్లు కదిలింది. భార్య అతని కాలి బొటనవేలు గట్టిగా తొక్కింది. "ఆయన పట్టిన పట్టు అలాంటిది అక్కయ్యా" అంది. "ఎంత చెప్పినా వినరే! మేం కూడా వద్దన్నాం, ముగ్గురం ఎందుకు, మీరొక్కరే పొండి అని." కూతురు గోడవైపు తిరిగి దగ్గుతోంది.

వదిన సోఫాలో కూర్చుంది, ఈసారి అంచు మీద కాదు. "ఏమ్మా, ఆ మంచినీళ్ళు ఇలా ఇయ్యి" అంది. గ్లాసు ఖాళీ చేసి, "ఇంకోటి" అంది. గుమాస్తా భార్య పరుగెత్తింది. ఆ పరుగులో, ఆ సంతోషంలో, ఎందుకు దాచిందో మరిచిపోయి, ఫ్రిజ్‌లోంచి కళ్ళజోడు కూడా తెచ్చి బావగారి చేతిలో పెట్టేసింది.

"చల్లగా ఉందేంటమ్మా?" అంటూ అన్నయ్య పెట్టుకున్నాడు. ఫొటోని తృప్తిగా చూశాడు. "దీన్ని ఫోన్లో తీసుకోవాలి" అని జేబులోంచి ఫోన్ తీశాడు. తెర మీద ఏదో చూసి ఆగాడు. "స్టూడియో నుంచి ఈమెయిల్ వచ్చిందే?" అన్నాడు, నొక్కాడు.

గుమాస్తా సోఫా చెయ్యి పట్టుకున్నాడు. భార్య నీళ్ళ జగ్గుతో అక్కడే నిలబడిపోయింది. అన్నయ్య ఫోన్ దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు, మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నాడు. మొహంలో రంగు మారింది.

"ఒరేయ్" అన్నాడు. పదేళ్ళ తర్వాత తమ్ముడితో మాట్లాడిన మొదటి మాట అది. "ఇందులో మేం లేమేంట్రా? అమ్మా మీ ముగ్గురూ మాత్రమే ఉన్నారు."

వదిన చేతిలోని గ్లాసు బల్ల మీదకి దిగింది. ఇరవై ఏళ్ళుగా ఉత్తరాలు రాస్తున్నవాడికి ఒక్క వాక్యం దొరకలేదు.

అన్నయ్య గోడమీది ఫొటో చూశాడు. ఫోన్లో ఫొటో చూశాడు. మళ్ళీ గోడ చూశాడు. తర్వాత నెమ్మదిగా, లెక్క కుదిరినవాడిలా, తొడ మీద చరుచుకున్నాడు.

"అర్థమైందిరా! ఇది మా ఇంటికి! మీ హాల్లో మేము, మా హాల్లో మీరు! రోజూ పొద్దున్నే లేచి మీరు మా మొహాలు చూడాలి, మేం మీ మొహాలు చూడాలి. ఇక మాట్లాడుకోకుండా ఎలా ఉంటాం, అంతేనా? అందుకేగా నాకు విడిగా పంపించావు! ఎంత ఆలోచించావురా!"

"నాకు ముందే తెలుసు" అంది వదిన, కళ్ళు తుడుచుకుంటూ. "చెబితే బాగుండదని ఊరుకున్నా."

"నానమ్మ మాత్రం రెండింట్లోనూ!" అన్నాడు అన్నయ్య కొడుకు, బెలూన్ల మధ్య కూలబడి, ఆయాసంతో.

అన్నయ్య లేచి వచ్చి తమ్ముణ్ణి లాక్కెళ్ళి అమ్మ పక్కన కూర్చోబెట్టి, తను రెండో పక్క కూర్చున్నాడు. అమ్మ గోడవైపు చూడలేదు. ఇటు ఒకడి చెయ్యి, అటు ఒకడి చెయ్యి పట్టుకుని, "ఫొటోలో పక్కపక్కన నిలబెట్టరా అంటే రెండు ముక్కలు చేశావట్రా చిన్నోడా" అంది. "పోన్లే. అద్దం అడ్డం లేకుండా ఉన్నారు, అది చాలు" అని, కత్తి అందుకుని కేకు కోసింది.

మరుసటివారం, తమ్ముడి కుటుంబం మాత్రమే ఉన్న ఆ మొదటి ఫొటోని అన్నయ్యే స్టూడియో నుంచి తీసుకెళ్ళి తన హాల్లో పెట్టుకున్నాడు. ఇప్పుడు గుమాస్తా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు గోడమీది ఫొటో చూసి, "ఇందులో మీరెక్కడండీ?" అని అడిగితే, అతను వాళ్ళకి అన్నయ్య ఇంటి చిరునామా రాసిస్తాడు.